పెళ్ళి బాలీసుల ఆజీ

పుణె ఊళ్ళో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా దుకాణాలన్నీ ఎందుకు మూసేస్తారో మీకు తెలుసా? వ్యాపారుల బద్ధకం అని బొంబాయివాళ్ళు అంటారు. ఎండ అని కొందరు, తిన్న అన్నం అని కొందరు అంటారు. అవేవీ కావు. అదంతా మా ఆజీ మహిమ. పొద్దున పూట ఆవిడ తన హాల్లో మనుషుల్ని పడుకోబెట్టి, లేపి, ఇళ్ళకి పంపిస్తుంది. ఆ హాయి వాళ్ళతోపాటు వీధుల్లోకి దిగి, మధ్యాహ్నానికి ఊరంతా పాకుతుంది. నాలుగింటికి గాని వదలదు. మా ఆజీ లేకపోతే పుణె కూడా బొంబాయిలాగే రోజంతా పరిగెత్తి, ఈపాటికి గుండె పట్టుకుని కూలబడి ఉండేది.

నేను పనిచేసే జెరాక్స్ దుకాణంలో ఈ మాట చాలామందికి చెప్పాను. ఎవరూ కాదనలేదు. కాగితాలు చేతికొచ్చేదాకా ఎవరూ కాదనరు.

ఆజీ అంటే మా నాన్నకి అమ్మ. పేరు మథురాబాయి పోంక్షే. నేను పదో తరగతి రెండోసారి కూడా తప్పాక, ఆజీ దగ్గరుంటే దారిలో పడుతుందని మా అమ్మా నాన్నా నన్ను చాకన్ నుంచి పుణెలోని నారాయణ్ పేటకి పంపించారు. దారిలో పడ్డానో లేదో తెలియదు కాని, ఆజీ ఉండే గదిన్నరలో పడ్డాను. ఇన్నేళ్ళుగా అదే గదిన్నరలో ఉంటూ, ఆవిడ నిద్రపోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. నేను పడుకున్నాక పడుకుంటుంది, నేను లేచేసరికి టీ పెట్టి ఉంటుంది. మధ్యలో అసలు పడుకుంటుందా లేదా అన్నదానికి నా దగ్గర సాక్ష్యం లేదు.

ఆవిడ ఈ పడుకోబెట్టే పనిలోకి ఎలా వచ్చిందో చెప్పాలి.

శనివార్ పేటలో ఒక పాత పెళ్ళి హాలు ఉంది. మా తాతయ్య అక్కడ వడ్డన చేసేవాడు. నాన్న బళ్ళో చదివే రోజుల్లో ఆయన జ్వరంతో పోయాడు. హాలు యజమాని ఆజీని పిలిచి, బాలీసుల గలేబులు ఉతికే పని ఇచ్చాడు. మగపెళ్ళివారు ఆనుకుని కూర్చోవడానికి పొడుగాటి బాలీసులు వేస్తారు. పెళ్ళి అయ్యేసరికి వాటి మీద తలనూనె, తమలపాకు ఉమ్మి, శ్రీఖండ్ మరకలు. ఆజీ వాటిని రుద్ది, ఉతికి, గంజి పెట్టి, తెల్లగా ఆరేసేది. ఆ తెలుపంటే ఆవిడకి ప్రాణం.

హాలు మేడ మీద పొద్దున పూట జోగళేకర్ గురూజీ అనే ఆయన యోగా నేర్పేవాడు. ఆయన దగ్గరికి కుర్రాళ్ళు రారు. వచ్చేవాళ్ళంతా నడుం నొప్పివాళ్ళు, నిద్ర పట్టనివాళ్ళు, బ్యాంకులో కూర్చుని కూర్చుని బిగుసుకుపోయినవాళ్ళు. వాళ్ళని ఒంచితే విరిగేలా ఉన్నారని ఆయన ఒంచడం మానేసి పడుకోబెట్టడం మొదలుపెట్టాడు. వీపు కింద ఒక బాలీసు, మోకాళ్ళ కింద ఇంకోటి, తల కింద మడత పెట్టిన దుప్పటి. ఒంట్లో ఏ ఎముకకీ ఏ కండకీ పని లేకుండా చేసి, అలా కాసేపు వదిలేయడం. దీనికి బాలీసులు కావాలి. ఆయన దగ్గర లేవు. కింద పెళ్ళి హాల్లో ఉన్నాయి.

ఆజీ పైకెక్కి నిలదీసింది.

“ఏం గురూజీ, నిన్న ఉతికిన గలేబులు. ఆ నూనె తలలు వాటి మీద పెడతారా?”

“తల కింద దుప్పటి ఉంది వహినీ. బాలీసు వీపు కింద.”

“వీపుకి చెమట పట్టదా?”

“ఊరికే పడుకున్నవాడికి చెమటేమిటి?”

“చూస్తాను.”

చూస్తానని గుమ్మంలో కూర్చుంది. ఆ చూడడం ఏళ్ళ తరబడి సాగింది. గలేబులకి కాపలా కాస్తూ మనుషుల్ని చూడడం నేర్చుకుంది. ఏ మనిషి ఎక్కడ బిగబట్టుకుంటాడో, ఎక్కడ ముందు వదులుతాడో అన్నీ ఆవిడకి పట్టుబడ్డాయి. గలేబు మీద మరక పడిందేమోనని చూసే కన్నే మొహం మీద ముడి పడిందేమోనని కూడా చూడడం మొదలుపెట్టింది.

ఒక శ్రావణంలో ముఠా నదికి నీళ్ళొచ్చి, వంతెన మునిగి, గురూజీ అవతలి ఒడ్డున ఉండిపోయాడు. వచ్చినవాళ్ళు తడిసిన గొడుగులతో గుమ్మంలో నిలబడ్డారు. “ఎలాగూ వచ్చారు. పడుకోండి,” అంది ఆజీ. కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గలేబులు ఉతికే ఆవిడ పడుకోమంటే పడుకోవచ్చా అని. బయట వాన ఎక్కువగా ఉంది కాబట్టి పడుకున్నారు. లేచాక సోమణ్ కాకు అనే లావుపాటి ఆవిడ అందట: “గురూజీ పడుకోబెడితే ఎప్పుడు లేవమంటాడా అని చూసేదాన్ని. నువ్వు ఎందుకు లేపావమ్మా అనిపిస్తోంది.”

గురూజీ ఈ మాట విని నొచ్చుకోలేదు. సగం మందిని ఆవిడకి అప్పజెప్పి, మిగతా సగాన్ని తను చూసుకున్నాడు. ఆయన పోయాక మొత్తం ఆవిడదే అయింది.

ఆజీ భాషలో ఒకటే మాట ఉంది, ‘దిగడం’. బస్సు దిగినట్టు. పడుకున్నవాడు ముందు దవడ వదులుతాడు, తరవాత నాలుక, ఆఖర్న కనుబొమల మధ్య ముడి. మూసిన రెప్పల కింద గుడ్లు కదలడం ఆగిందా, మనిషి దిగినట్టు. “నీ బరువు బాలీసుకి ఇచ్చెయ్యి. ఇంటికెళ్ళేటప్పుడు మళ్ళీ తీసుకుందువు గాని,” అంటుంది. నిద్ర మాత్రం పోనివ్వదు. ఆవిడ లెక్కలో నిద్రపోయినవాడు దిగకుండా స్టాపు దాటిపోయినవాడు. హాలు తలుపు మీద ఆవిడ రాయించిన బోర్డు ఇప్పటికీ ఉంది: “లోపల మనుషులు విశ్రాంతిలో ఉన్నారు. బెల్లు కొట్టవద్దు. కొట్టినా తియ్యం. గురక పెట్టువారు కింద పెళ్ళిలో పెట్టుకొనవలెను.”

కింద పెళ్ళివాళ్ళకి కూడా ఆవిడ అవసరం పడేది. ముహూర్తం దగ్గరపడుతుంటే పెళ్ళికూతురి తండ్రి మొహం ఎర్రబడి, ఎవరి మీదో అరుస్తూ ఉంటాడు. ఎవరో ఒకరు ఆయన రెక్క పట్టుకుని మేడ మీదికి తీసుకొచ్చేవాళ్ళు. ఆజీ ఆయన్ని గోడ వారన వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు రెండూ గోడకి నిలువుగా ఆనించేది. పట్టు పంచె జారకుండా మోకాళ్ళ దగ్గర ఒక పట్టీ కట్టేది. కింద సన్నాయి మోగుతూ ఉంటుంది, పైన ఆయన పాదాలు పైకప్పు వైపు చూస్తూ ఉంటాయి. ఒకసారి ఒకాయన, “అమ్మా, కింద మంగళాష్టకాలు మొదలయ్యాయి, నేను వెళ్ళాలి,” అని కంగారుపడ్డాడట. “చదివేది బ్రాహ్మడు. పెళ్ళాడేది అల్లుడు. నీకక్కడ ఏం పని? ఊపిరి వదులు,” అంది ఆజీ. ఆయన వదిలాడు. కిందికి వెళ్ళి అక్షింతలు వేసేసరికి, ఆ పెళ్ళిలో నవ్వుతూ ఉన్న పెద్దమనిషి ఆయనొక్కడే అయ్యాడట. తలపాగా మాత్రం వెనక నొక్కుకుపోయింది.

ఇలా బాగానే ఉంది. రెండేళ్ళ కిందట ఆజీ కళ్ళకి శుక్లాలు వచ్చాయి.

మొదట ఆవిడ ఒప్పుకోలేదు. హాల్లో బల్బు పాతదైంది అంది. బల్బు మార్చారు. కొత్త బల్బులు పనికిమాలినవి అంది. తరవాత మనుషుల్ని ఊపిరిని బట్టి గుర్తుపట్టడం మొదలుపెట్టింది. అది కొన్నాళ్ళు నడిచింది. ఒకరోజు సోమణ్ కాకు మెడ కింద దుప్పటి తిరగేసి పెట్టింది. మడత అంచు మెడకి రావాలి. కుచ్చుల అంచు వచ్చింది, పైగా ఒక పక్క ఎత్తుగా. కాకు మర్యాదకొద్దీ ఏమీ అనకుండా అలాగే పడుకుని, మెడ పట్టేసి లేచింది. ఆ తరవాత రెండు వారాలు ఆవిడ ఎవరితో మాట్లాడాలన్నా మనిషంతా తిరిగేది.

హాలు చూసుకునే బాపట్ కాకా ఆ వారం మా ఇంటికి వచ్చాడు. పోహా తిన్నాడు, టీ తాగాడు, గొడుగు అటూ ఇటూ తిప్పాడు.

“ఆజీ, హాలు కమిటీ ఏమంటోందంటే...”

“కమిటీ అంటే నువ్వూ, నీ గొడుగూ. సూటిగా చెప్పు.”

“కళ్ళు బాగయ్యేదాకా మీరు అలా కుర్చీలో కూర్చోండి. సాయలీ చూసుకుంటుంది.”

సాయలీ అంటే యోగా నేర్పడానికి కొత్తగా వచ్చిన పిల్ల. మంచిదే. క్లాసులో ఫోన్‌లో వేణువు పెడుతుంది.

“పడుకున్నవాడి చెవిలో వేణువెందుకు? వాడేమన్నా కింద పెళ్ళికొచ్చాడా?” అంది ఆజీ. “అయినా కూర్చోవడం నాకు వచ్చు బాపట్. మనుషులు వంకరగా పడుకుంటే చూస్తూ కూర్చోవడం రాదు.”

“చూడలేకపోతున్నారనే కదా ఆజీ.”

ఈ మాట నోట్లోంచి వచ్చాక కాకా గొడుగు తిప్పడం ఆపేశాడు. ఆఖరికి కాకానే నసిగాడు. దీపావళిలోపు ఆపరేషన్ చేయించుకుని వస్తే హాలు ఆవిడదే. లేకపోతే దీపావళి తరవాత నుంచి సాయలీది. అంతకంటే కమిటీ ఆగదు.

ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టర్ మెహెందళే కళ్ళు చూశాడు. ఆలస్యం చేశారన్నాడు, అయినా చేసేయొచ్చన్నాడు. నర్సు ఆజీ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. మొహం చిట్లించి మళ్ళీ చూసింది. పైది నూట తొంభై.

“ఇంత ఉంటే కన్ను కొయ్యకూడదు,” అన్నాడు డాక్టర్. “ఇది దించుకుని రండి.”

“డాక్టర్, ఈవిడెవరో తెలియదు మీకు,” అన్నాను నేను. “ఊళ్ళో సగం బీపీలు దించింది ఈవిడే.”

“మంచిది. మరి ఈవిడది ఎవరు దించుతారు?”

ఆజీ నా చెయ్యి గిల్లింది. కళ్ళు కనబడకపోయినా గిల్లాల్సిన చోటు బాగానే కనబడింది.

వింత ఏమిటంటే ఇంట్లో చూస్తే ఆవిడ బీపీ మామూలుగానే ఉంది. పక్కింటివాళ్ళ మిషన్ తెచ్చి పొద్దునా సాయంత్రం చూశాను. నూట ముప్పై, నూట ముప్పై అయిదు. ఆస్పత్రి మెట్లెక్కితే మాత్రం అరవై మెట్లు అదీ ఎక్కేస్తుంది. డాక్టర్ మాత్ర రాశాడు. మాత్ర వేసుకుని రెండోసారి వెళ్ళాం. మళ్ళీ నూట ఎనభై దాటింది. “ఇంట్లో బాగానే ఉంటోంది డాక్టర్,” అన్నాను. “ఆపరేషన్ మీ ఇంటికొచ్చి చెయ్యలేను కదమ్మా,” అన్నాడు. ఇంకో తారీఖు ఇచ్చాడు. దీపావళికి ముందు అదే ఆఖరిది. దాని తరవాత ఆయన సెలవు మీద వెళ్తున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆజీ మాట్లాడింది, నాతో కాదు, ముందు సీటు వీపుతో.

“వాళ్ళు బల్ల మీద పడుకోబెడతారు. మోకాళ్ళ కింద ఏమీ పెట్టరు. మొహం కప్పేస్తారట. కప్పేశాక పక్కన ఎవరున్నారో ఎవరు లేరో ఏం తెలుస్తుంది?”

అప్పుడు నాకు కాస్త అర్థమైంది. ఇంటికి రాగానే, “రేపట్నుంచి నిన్ను నేను పడుకోబెడతాను,” అన్నాను.

“నువ్వా? పదో తరగతి తప్పినదానివి.”

“పదో తరగతిలో దుప్పటి మడత పెట్టడం లేదు.”

మర్నాడు చాప పరిచి, ఇంట్లో ఉన్న దిండ్లు వేసి, దుప్పటి మడిచి, తయారుచేశాను. ఆజీ పడుకుంది. పడుకున్న ఆవిడని పైనుంచి చూడడం నాకు అదే మొదలు. చిన్నగా ఉంది. కాని నోరు మాత్రం అంతే ఉంది.

“మెడ దగ్గర ఏ అంచు?”

“కుచ్చులది.”

“నా మెడ ఏమన్నా సోఫానా? తిప్పు.”

తిప్పాను.

“మోకాళ్ళ కింద ఇంకాస్త. అంత కాదు. నువ్వు దిండు పెడుతున్నావా, జాకీ పెడుతున్నావా?”

తగ్గించాను. కళ్ళ మీద మెత్తటి గుడ్డ కప్పాను. బాగానే ఉంది అనుకున్నాను.

“పై వాటాలో కుళాయి కారుతోంది.”

“కారనీ.”

“కింద ఎవడో చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. మడమలు అరిగిపోతాయి, పిలిచి చెప్పు.”

“ఆజీ, నువ్వు దిగు.”

“నేను దిగితే పైన ఎవరుంటారే?”

ఆ మాట ఆవిడ వేళాకోళానికి అనలేదు. రోజూ పడుకోబెట్టాను. రోజూ ఏదో ఒకటి వినబడేది. కుక్కర్ విజిల్, పిల్లి, ఎక్కడో ఎవరి దగ్గో. అందరికీ దిగే స్టాపు చూపించిన మనిషి తను మాత్రం బస్సులోనే నిలబడి ఉంది, కండక్టరులాగ.

ఆ ఆఖరి తారీఖు రోజు నేను హాలుకి వెళ్ళి బాపట్ కాకాని అడిగి ఒక బాలీసు తెచ్చాను. ఆస్పత్రిలోనే, బీపీ చూసే ముందే, ఆవిడని బెంచీ మీద పడుకోబెట్టాలని నా ఆలోచన. స్కూటీ మీద నేను ముందు, ఆజీ వెనక, ఇద్దరి మధ్యలో తెల్ల గలేబు బాలీసు. లక్ష్మీ రోడ్డు సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన మోటారుసైకిలాయన వంగి చూశాడు.

“ఏం ఆజీ, పరుపుతో సహా బయలుదేరారు? ఆస్పత్రిలో చేరడానికా?”

“నిన్ను చేర్పించడానికి. ఇందాక చెయ్యి చూపించకుండా తిరిగావు.”

“ఆవిడకి సరిగ్గా కనబడదండీ,” అన్నాను నేను.

“వినబడింది,” అంది ఆజీ.

ఆస్పత్రిలో మాకు ముందు చాలామంది ఉన్నారు. బెంచీల మీద వరసగా ముసలాళ్ళు, వాళ్ళని తీసుకొచ్చినవాళ్ళు. ఒక మూల ఖాళీ బెంచీ చూసి బాలీసు వేశాను. నా ఓణీ మడిచి తల వైపు పెట్టాను.

“పడుకో ఆజీ.”

“ఇంతమంది ముందా? కాళ్ళు చాపుకునా? సిగ్గు లేదూ నీకు?”

“నువ్వు ఊరందరినీ పడుకోబెట్టలేదా?”

“వాళ్ళు పడుకున్నారు. నేను కూర్చున్నాను.”

ఎంత చెప్పినా వినలేదు. బిర్రబిగిసి బెంచీ చివర కూర్చుంది. మెడ నరం కొట్టుకోవడం నాకు కనబడుతోంది. పొద్దుటి నుంచి స్కూటీ, బాలీసు, ట్రాఫిక్, ఈవిడ నోరు, అన్నీ కలిసి నాకు విసుగొచ్చింది.

“అయితే నేనే పడుకుంటాను,” అని బాలీసు మీద వాలిపోయాను.

ఇది ఎత్తు కాదు. నిజంగానే అలసిపోయాను. ఎత్తు వేసేంత తెలివుంటే పదో తరగతి అయ్యేది.

ఒక నిమిషం తరవాత ఆజీ చెయ్యి గాలిలో వెతుక్కుంటూ వచ్చి నా గడ్డానికి తగిలింది.

“గడ్డం ఆకాశంలో పెట్టి పడుకుందట. దించు.”

దించాను. తన సంచీలోంచి తువ్వాలు తీసి మడిచి నా తల కింద ఇంకో మడత వేసింది. లేచి నిలబడి, తడుముకుంటూ నా కాళ్ళ దగ్గరికి వెళ్ళి, తన సంచీ నా మోకాళ్ళ కింద పెట్టింది. టిఫిన్ డబ్బా తగలకుండా పక్కకి తిప్పింది. మళ్ళీ వచ్చి తల దగ్గర కూర్చుంది. రెండు వేళ్ళు నా నుదుటి మీద ఉంచి, కనుబొమల మధ్య నుంచి కణతల వైపు ఒక్కసారి మెల్లగా లాగి, అక్కడే ఆపేసింది.

ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఎప్పుడూ పడుకోబెట్టలేదు. అడిగితే, “నువ్వు పుట్టిందే పడుకుని, నీకు వేరే ఎందుకు?” అనేది. అందుకని అదెలా ఉంటుందో నాకు తెలియదు. ముందు నా దవడ నాది కాకుండా పోయింది. దాన్ని నేనింత గట్టిగా పట్టుకుని ఉన్నానని అంతవరకూ తెలియదు. తరవాత భుజాలు. వీపు కింద బాలీసు పైకి లేచి నన్ను అందుకున్నట్టుగా ఉంది. ఆస్పత్రి చప్పుళ్ళు ఆగలేదు. అవన్నీ ఉన్నాయి, కాని వాటికీ నాకూ సంబంధం లేదు. పొట్ట లేస్తోంది, దిగుతోంది. దాన్ని నేను చేయడం లేదు.

పక్క బెంచీలో ఒక ముసలాయన గొంతు వినబడింది. “ఆ పిల్లకి ఏమైందమ్మా?”

“ఏమీ కాలేదు. అదే దాని గొప్ప. మీరు కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు, ఆ సంచీ పాదాల కింద పెట్టుకోండి. ఊఁ. వీపు గోడకి. ఇప్పుడు మాట్లాడకండి.”

ఆయన మాట్లాడలేదు. ఆయన పక్కనావిడ కూడా గుసగుసలు ఆపేసింది. నా నుదుటి మీది వేళ్ళ ద్వారా ఆజీ ఊపిరి నాకు తెలుస్తోంది. మొదట పైపైన, చిన్నగా, తొందరగా ఆడుతోంది. నాది పొడుగవుతున్నకొద్దీ ఆవిడదీ పొడుగైంది. హాల్లో రోజూ ఇదే జరిగేదన్నమాట. వాళ్ళు పడుకుని దిగితే, ఈవిడ కూర్చుని దిగేది. ఎవరో ఒకరు తన చేతి కింద ఉంటేనే ఈవిడకి దిగడం వచ్చు.

నర్సు చెప్పుల చప్పుడు వచ్చింది. నేను కళ్ళు తెరవకుండా చెయ్యి మాత్రం పైకెత్తి, ఆజీ ఖాళీ చెయ్యి వైపు వేలు చూపించి, చుట్టమన్నట్టు తిప్పాను. తెలివైన పిల్ల. ఏమీ అడగకుండా పట్టీ చుట్టింది.

“ష్,” అంది ఆజీ నర్సుతో. “మెల్లగా. ఇది ఇప్పుడిప్పుడే దిగుతోంది.”

పట్టీ ఉబ్బింది, చప్పబడింది. నర్సు వెళ్ళి డాక్టర్‌ని తీసుకొచ్చింది. ఆయన ఇంకోసారి తనే చూశాడు. నూట నలభై రెండు.

“ఇది ఎలా దించారు?” అన్నాడాయన నాతో, చిన్న గొంతుతో.

“నేను పడుకున్నాను డాక్టర్. అంతే.”

“లోపలికి తీసుకురండి, ఇప్పుడే,” అన్నాడు నర్సుతో.

నన్ను లోపలికి రానివ్వలేదు. బాలీసుని కూడా రానివ్వలేదు. లోపల పడుకునేది ఆవిడ, కూర్చునేది డాక్టర్. బీపీ మళ్ళీ మెట్లెక్కేస్తుందేమో, కుట్రంతా వృథా అవుతుందేమో అని బాలీసు కౌగిలించుకుని బయట నిలబడ్డాను. ఏం జరిగిందో తరవాత డాక్టరే చెప్పాడు. మొహం కప్పగానే ఆజీ చేతులు బిగుసుకున్నాయట. మిషన్ కూత పెట్టిందట. ఆయన కాసేపు ఆగుదామని నిలబడ్డాడట. గుడ్డ కింద నుంచి మాట వచ్చిందట.

“డాక్టర్, పొద్దుట్నుంచి ఇది ఎన్నో ఆపరేషన్?”

“చాలా అయ్యాయి ఆజీ.”

“తెలుస్తోంది. నీ ఊపిరి గొంతు దాటి కిందికి పోవడం లేదు నాయనా. భుజాలు చెవుల్లో పెట్టుకుని కూర్చున్నావా? దించు. ముందు బయటికి వదులు. పూర్తిగా. ఊఁ, ఇంకోసారి.”

ఆయన వదిలాడట. నర్సు కూడా వదిలిందట. మిషన్ కూత మానేసిందట. ఆ తరవాత ఆపరేషన్ అయ్యేదాకా ఆవిడ కదల్లేదు. మధ్యలో ఒకసారి అనుమానం వచ్చి, “ఆజీ, ఉన్నారా?” అని అడిగితే, “నేనెక్కడికి పోతాను? నువ్వు పని చూసుకో,” అందట. రోజుకి ఇంతమంది కళ్ళు కోస్తాను గాని, నన్ను చూసుకునే పేషెంటు ఎవరూ రాలేదమ్మా అన్నాడాయన. రెండో కన్ను తను సెలవు నుంచి వచ్చాక, వీలుంటే అలసిపోయిన పూట చేస్తానన్నాడు.

దీపావళికి ముందు సోమవారం ఆజీ హాలుకి వెళ్ళింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మెట్లెక్కింది, గోడ పట్టుకోకుండా. బాపట్ కాకా పరీక్ష పెట్టడానికి వచ్చినట్టు గుమ్మంలో గొడుగుతో నిలబడ్డాడు. సాయలీ వేణువు ఆపేసి, ఆజీకి నమస్కారం పెట్టి, పక్కకి తప్పుకుంది. సోమణ్ కాకు మెడ మామూలుగా తిరుగుతోంది. అందరూ ఎవరి బాలీసు మీద వాళ్ళు పడుకున్నారు.

ఆజీ నల్లద్దాలు తీసేసింది. వరసల మధ్య నడుస్తూ ఒక్కొక్క మొహం దగ్గరా ఆగి చూసింది. ఒకాయన దుప్పటి సరిచేసింది. ఒకామె గడ్డం వేలితో కిందికి నొక్కింది. సోమణ్ కాకు దగ్గర చాలాసేపు నిలబడింది. బాపట్ కాకా ఆవిడ చేతులు చూశాడు, ఏ అంచు ఎటు తిప్పుతోందో చూశాడు, గొడుగు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కమిటీ ఒప్పుకుందని అర్థం.

నేను కిటికీ దగ్గర దుప్పట్లు మడత పెడుతున్నాను. ఆజీ అటు వచ్చేసరికి ఆగలేక గుసగుసగా అడిగాను.

“అన్నీ కనబడుతున్నాయా? ఎలా ఉన్నారు నీ వాళ్ళు?”

“ఈ రెండేళ్ళూ అందరూ హాయిగా దిగుతున్నారనే అనుకున్నానే. సగంమంది ఊరికే కళ్ళు మూసుకుని నటిస్తున్నారు. జరుగు, వెలుతురుకి అడ్డం నిలబడ్డావు.”